కౌంటింగ్ అయ్యాక వచ్చేవాళ్లు

పంచాయతీ ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు మా ఆఫీసు బెంచీ దగ్గర ఎవరు ఏ పని మీద వచ్చారో అడక్కుండానే చెప్పేస్తాను. గట్టు తగాదా మనిషి కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని నింపాదిగా కూర్చుంటాడు. ఇది ఏళ్ల తరబడి నడిచే వ్యవహారమని ఆయనకి ముందే తెలుసు. సర్పంచి పదవికి నిలబడి ఓడిపోయినాయన కూర్చోడు. చెప్పులు విప్పుతూనే మొదలెడతాడు. "మూడు ఓట్లండి గుమాస్తా గారూ. మూడంటే మూడే. మా కట్టలోవి తీసుకెళ్లి ఆళ్ల కట్టలో కలిపేశారండి." చేతిలో మాత్రం కాగితం ముక్క ఉండదు.

నేను అమలాపురంలో ప్లీడరు గుమాస్తాని. ముందు వసారాలో నా బల్ల, లోపల ప్లీడరు గారి గది, పక్క గదిలో ఇద్దరు జూనియర్లు. వాళ్లలో ఒకావిడని ఊరంతా జూనియర్ మేడం అనే పిలుస్తారు. పార్టిషన్ దావాలు, ప్రోనోట్లు, కొబ్బరితోటల హద్దులు, రొయ్యల చెరువుల లీజులు, మా నలుగురి ఇళ్లలో పొయ్యి వెలిగేది వీటి మీదే. ఎన్నికల చట్టం మా ప్లీడరు గారికి పిచ్చి. డబ్బులొచ్చే పిచ్చి అయితే నేనేమీ అనేవాణ్ని కాదు.

ఆయన ఎవరికైనా ముందు చెప్పే కేసు వి.వి.గిరి గారిది. తర్వాత రాష్ట్రపతి అయిన గిరి గారే. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. అప్పట్లో అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక సీటు ఎస్టీలకి రిజర్వు. ఓట్లు లెక్కపెడితే రెండు సీట్లూ ఎస్టీ అభ్యర్థులకే వెళ్లాయి. రిజర్వు సీటుకి నామినేషన్ వేసినాయన జనరల్ సీటు ఎలా తీసుకుంటాడని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు ఆ జనరల్ సీటు దక్కిన డిప్పల సూరిదొర గెలుపే ఖాయమంది. 1961లో పార్లమెంటు ఆ ఇద్దరు సభ్యుల పద్ధతినే ఎత్తేసింది. ఇదంతా చెప్పి ప్లీడరు గారు, "చూశావా, అంత పెద్దమనిషికీ ఓట్లు తక్కువొస్తే తక్కువొచ్చినట్టే," అంటారు. ఆయన మాత్రం ఎప్పుడూ ఎక్కడా పోటీ చెయ్యలేదు. మా వైపు నల్లకోటు వేసుకున్న ప్రతి కుర్రాడికీ లోపల ఒక మూల బాలయోగి గారు ఉంటారు. కాకినాడలో ప్రాక్టీసు చేసి, జడ్పీ ఛైర్మన్ అయి, 1998లో లోక్‌సభ స్పీకరు కుర్చీలో కూర్చున్న మనిషి మరి. మా ప్లీడరు గారికి ఆ మూల ఖాళీ.

మూడు ఓట్లాయన దగ్గరికి వద్దాం. పంచాయతీ అయితే ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోపు పిటిషన్ పడాలి. ఒకప్పటి మునసబు కోర్టు, ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, ఆ జడ్జి గారే ఎలక్షన్ ట్రిబ్యునల్. ఎమ్మెల్యే, ఎంపీ సంగతైతే 45 రోజులు, అదీ హైకోర్టులోనే వెయ్యాలి. మామూలు దావాలో ఆలస్యమైతే మాఫీ చెయ్యమని ఇంకో పిటిషన్ పడేస్తాం, జడ్జి గారు ఖర్చులు వేసి ఒప్పుకుంటారు. హైకోర్టు ఎలక్షన్ పిటిషన్‌లో ఆ దారి లేదు. 2024లో ఫలితాలు జూన్ 4న వచ్చాయి కాబట్టి జూలై 19తో సరి. ఆ తర్వాత ఎంత బలమైన కేసైనా చెత్తబుట్టలోకే. హైకోర్టులో కట్టే డిపాజిట్ 2,000 రూపాయలు. పార్టీ మనిషి కారు వేసుకుని హైకోర్టు ఉన్న నేలపాడు దాకా వెళ్లొస్తే డీజిల్‌కీ భోజనాలకీ అంతకంటే ఎక్కువే అవుతుంది. కానీ ప్రతి కాపీ మీదా ఇది నిజమైన నకలు అని పిటిషనరు స్వయంగా సంతకం పెట్టాలి. డబ్బులు పంచారనో, కులం పేరు చెప్పి ఓట్లడిగారనో ఆరోపిస్తే ఫారం 25లో విడిగా ప్రమాణపత్రం ఇవ్వాలి. సంతకాలు పెట్టించేది నేనే కాబట్టి వీటి గొడవ నాకు బాగా తెలుసు.

అసలు చిక్కు గడువు కూడా కాదు. కోర్టు అడిగే ప్రశ్నలు వేరు. ఏ టేబుల్, ఏ కట్ట, చెల్లే ఓట్లు ఎన్ని చెల్లవన్నారు, అప్పుడు మీ ఏజెంటు ఎవరు, అభ్యంతరం ఎవరికిచ్చారు? అనుమానం మీద బ్యాలెట్ పెట్టె తెరవరు. రహస్య ఓటుకి అంత విలువ ఉంది, ఉండాలి కూడా. జూనియర్ మేడం అడిగింది: "రీకౌంటింగ్ కావాలని అప్పుడే రాసిచ్చారా బాబాయ్ గారూ?"

"లేదండి. అరిచామండి."

అరుపులకి కోర్టులో సాక్ష్యమని ఎగ్జిబిట్ నంబరు వెయ్యరు. పోనీ ఏదో రకంగా పిటిషన్ నిలబడిందే అనుకుందాం. వాయిదాలు, సాక్షులు, కమిషనరు, పైకోర్టు స్టే. సర్పంచి గడువు అయిదేళ్లు, కేసుకి గడువు లేదు. అసెంబ్లీ కేసుల్ని ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించమని చట్టంలోనే ఉంది. ఉన్నదన్నాను, అంతే. పదవీకాలం అయిపోయాక ఇక విచారించడానికేమీ లేదని మూసేసిన కట్టలు మా బీరువా పై అరలో ఉన్నాయి.

2019లో మా రాజోలులో ఎమ్మెల్యే గెలిచింది 814 ఓట్లతో. రాష్ట్రం మొత్తం మీద జనసేనకి ఆ ఏడు దక్కిన ఒకే ఒక్క సీటు అది. అసెంబ్లీలోనే అంత సన్నగా తేలినప్పుడు మా పంచాయతీల్లో, వార్డుల్లో సంగతి చెప్పేదేముంది? ఒక ఇంట్లో పెళ్లయి వెళ్లిపోయిన ఇద్దరు కూతుళ్ల పేర్లు ఉంచారా తీశారా అన్నదే ఫలితం. అందుకే కౌంటింగ్ అయ్యాక ఏడ్చేదేదో ఓటర్ల జాబితా దగ్గరే ఏడవాలని మా ప్లీడరు గారి వాదన. ఆదివారాలు ఊళ్లకి పోవడం అలా మొదలైంది. మండల న్యాయ సేవల కమిటీ పెట్టే సదస్సులకీ, జనవరి 25న ఓటర్ల దినోత్సవానికి కాలేజీలకీ కూడా వెళ్తాం గానీ, అవి దండలు, శాలువాల వ్యవహారం. అసలు పని రామాలయం అరుగు మీద జరుగుతుంది.

అరుగు మీద జరిగేది ఇదీ. జూనియర్ మేడం ఓటర్ల జాబితాలో భాగం నంబరు చెప్పి ఇంటి నంబర్ల వారీగా పేర్లు గట్టిగా చదువుతుంది. చుట్టూ చేరిన జనం మాట కలుపుతుంటారు. "ఆయన పోయి రెండో దివసం కూడా అయిపోయిందండి." "ఆ పిల్ల ముమ్మిడివరంలో ఉందండి, అత్తోరి ఊరు." "అది పేరు తప్పండి, ఆవిడ సత్యవతి, సత్యవేణి కాదు." నేను పక్కన రూళ్ల కాయితం మీద మూడు వరసలు గీసుకుని రాస్తుంటాను: కొత్తగా చేర్చాల్సినవి ఫారం 6, తీసెయ్యాల్సినవి ఫారం 7, దిద్దాల్సినవీ ఇల్లు మారినవీ ఫారం 8. మధ్యాహ్నానికి ఆ కాయితం మీద ఊరి పెళ్లిళ్లూ చావులూ వలసలూ అన్నీ తేలిపోతాయి. పద్దెనిమిది నిండిన కుర్రాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క. 2022 నుంచి ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా లెక్కే. చాలామంది ఇళ్లలో ఇంకా వచ్చే జనవరి అనే కూర్చున్నారు.

లంకల్లో పని వేరు. కనకాయలంక చూడండి. ఊరు పశ్చిమ గోదావరి యలమంచిలి మండలంలోది, రాకపోకలు మాత్రం కోనసీమ వైపు చాకలిపాలెం మీదుగా. వరదొస్తే కాజ్‌వే మునిగి పడవలెక్కాల్సిందే. అక్కడ ఏ ఆఫీసు పనైనా జిల్లా దాటే పనే. ఇంకొన్ని లంకల్లో గోదారి కోతకి ఇళ్లే పోయాయి. ఇల్లు ఏట్లో కలిసిపోయాక ఆ కుటుంబాలు గట్టు మీద బంధువుల దగ్గరో, వేరే పంచాయతీలో అద్దెకో చేరతాయి. ఓటు పాత ఊళ్లోనే ఉంటుంది. మార్చుకోమంటే ఒక ముసలాయన మా మీద కేకలేశాడు. "ఓటు తీసేసుకుంటే నా ఎకరం పోద్దండి. గోదారి తినేసింది సగం, మీరు తింటారా మిగతా సగం?"

ఆయన భయం ఒట్టిది కాదు. కాగితమ్మీద ఊరి పేరు ఉంటేనే పరిహారం వస్తుందని ఎవరో చెప్పుంటారు. ప్లీడరు గారు అరుగు మీదే ఆయన పక్కన కూర్చుని చాలాసేపు నచ్చజెప్పారు. ఓటు అనేది మామూలుగా నివాసం ఉండేచోట ఉంటుంది. ఊళ్లో ఇల్లో పొలమో ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20 చెబుతోంది. అలాగే ఓటు వేరే ఊరికి మారినంత మాత్రాన పట్టా పోదు. అది రెవెన్యూ రికార్డు సంగతి, దీనికీ దానికీ పొత్తు లేదు. ముసలాయన అంతా విని, "మీరు రాసివ్వండి ఆ ముక్క," అన్నాడు. ఆఫీసు కాయితం మీద తెలుగులో రాసిచ్చాం. ఆయన మాత్రం ఇంకా ఓటు మార్చుకోలేదు. చెప్పడం మా వంతు, ఆపైన ఆయనిష్టం.

గల్ఫ్ ఇళ్ల సంగతి ఇంకో రకం. కోనసీమలో మస్కట్టో కువైట్టో వెళ్లిన ఆడమనిషి లేని వీధి ఉండదు. ఇక్కడ ఉండటంలేదు కదా అని పేరు తీయించేస్తారని వాళ్ల భయం. పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మీద ఫారం 6ఏ పెట్టుకోవచ్చు, 2011 నుంచీ ఉంది ఆ సౌకర్యం. కానీ ఓటెయ్యాలంటే మనిషి రావాలి, అసలు పాస్‌పోర్టు చూపించాలి. టిక్కెట్టు డబ్బులు ఎవరిస్తారని ఒకామె వీడియో కాల్‌లో నవ్వింది. నిజమే.

యానాం దగ్గర మాత్రం నవ్వులుండవు. ఎదుర్లంక దగ్గర వంతెన దాటితే పుదుచ్చేరి. అటు అసెంబ్లీ ఎన్నికలు 2021లో, ఇటు 2024లో. లోక్‌సభకి కూడా 2024లో అటు పోలింగ్ ఏప్రిల్ 19, ఇటు మే 13. వేలి మీద సిరా పోవడానికి కావలసినంత వ్యవధి. అటో ఇటో ఒక్కచోటే పేరుండాలని చట్టం. ఫారం 6లో వేరేచోట ఓటు లేదని తప్పుడు మాట రాసి సంతకం పెడితే ఏడాది దాకా జైలు. ఇది చెప్పగానే జనంలోంచి ఇద్దరు ముగ్గురు మెల్లగా లేచి బయటికి పోతారు. మేము చూడనట్టే ఉంటాం. తర్వాత ఎవరో ఒకరు సాయంత్రం ఫోన్ చేసి, "ఊరికే అడుగుతున్నానండి, మా బావమరిది సంగతి," అంటారు. బావమరుదుల సంగతులు మా ఆఫీసుకి బోలెడొస్తాయి.

ఫారం 7 గురించి ఒక్క ముక్క. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో అవి కట్టలు కట్టలుగా పడ్డాయి, తప్పుడు దరఖాస్తులని పోలీసు కేసులూ అయ్యాయి. ఎవడో దరఖాస్తు పెట్టగానే మీ పేరు పోదు. నోటీసిచ్చి మీ మాట వినాలి. నోటీసు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు దాన్ని కరెంటు బిల్లులతో కలిపి మేకుకి గుచ్చకుండా ఉంటే చాలు.

మా మీద అనుమానం లేకుండా ఏమీ ఉండదు. "మీరెవరి తరఫండీ?" అన్నది మొదటి ప్రశ్న. ఒక ఊళ్లో కుర్రాళ్లు అభిమానంతో ప్లీడరు గారి నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. నల్లకోటు, నమస్కారం, వెనకాల త్రివర్ణం, కింద వాళ్ల పద్నాలుగు మంది బొమ్మలు. ఆయన ఆటో దిగుతూనే అది చూసి మళ్లీ ఆటో ఎక్కబోయారు. లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం 36 ఉంది. విప్పేదాకా అరుగెక్కలేదు. కుర్రాళ్లు చాలా నొచ్చుకున్నారు. ఫ్లెక్సీ బాగానే ఉంది, అబద్ధమెందుకు.

పోలింగ్ ముందు ఆఫీసులో ఏజెంట్లకి ఒక పూట క్లాసు ఉంటుంది. అన్ని పార్టీలవాళ్లనీ ఒకే బెంచీ మీద కూర్చోబెడతాం. అదొక్కటే మా షరతు. వాళ్లు మొదట అటో కొస, ఇటో కొస కూర్చుంటారు, టీ వచ్చేసరికి మధ్యకి జరుగుతారు. ఉదయం 7కి పోలింగ్ అయితే 5:30కే మాక్ పోల్, అంటే మిషన్ పరీక్ష, కనీసం 50 ఓట్లు వేసి చూడాలి, తర్వాత అవి చెరిపేశారో లేదో కళ్లతో చూడాలి. ఎవరైనా దొంగ ఓటరని అనుమానమొస్తే అరవకండి, 2 రూపాయలు కట్టి చాలెంజ్ చెయ్యండి. ఆ రెండు రూపాయల చిల్లర జేబులో ఉంచుకు వెళ్లమని ప్రతిసారీ చెబుతాం. మీ ఓటు ఎవరో వేసేసి ఉంటే తిరిగి వచ్చెయ్యకుండా టెండర్ ఓటు అడగండి. దాన్ని ఆ రోజు లెక్కపెట్టరు, కవర్లో పెడతారు, రేపు కోర్టుకి పనికొచ్చేది అదే. చివర్లో బూత్‌లో పడిన ఓట్ల లెక్క రాసే ఫారం 17సి నకలు తీసుకోకుండా బూత్ వదలొద్దు. కౌంటింగ్ రోజు మిషన్‌లో కనపడే మొత్తం దాంతో సరిపోవాలి. ఒక ఏజెంటు ఆ నకలు భద్రంగా మడిచి జేబులో పెట్టుకుని, చొక్కా చాకలికి వేసేశాడు. వాళ్ల అభ్యర్థి ఎటూ పెద్ద తేడాతోనే ఓడాడు కాబట్టి సరిపోయింది.

పంచాయతీలకి ఇదంతా కాదు, అక్కడ కాగితం బ్యాలెట్టే. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా జరిగాయి. పొద్దున్న 6:30 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా పోలింగ్, 4కి కౌంటింగ్. అయితే మా ఆఫీసు నిండిపోయేది అంతకు ముందే, నామినేషన్ల పరిశీలన రోజున. ఇద్దరు పిల్లల నిబంధన పుణ్యమా అని.

1994 పంచాయతీరాజ్ చట్టం సెక్షన్ 19(3). 1995 మే 30 తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులయ్యేవారు. ఇలాంటి నిబంధన తప్పు కాదని 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ఇక చూడండి. పరిశీలన గదిలోకి అవతలివాళ్లు రేషన్ కార్డు జిరాక్సులు, అంగన్‌వాడీ పుస్తకంలో పేజీలు, స్కూల్లో చేర్పించినప్పటి రికార్డులు పట్టుకొచ్చేవారు. మూడో పిల్ల మా చెల్లెలి పిల్ల అనేవాళ్లు కొందరు. దత్తతిచ్చేశాం అనేవాళ్లు కొందరు. దత్తతిచ్చినా కన్నది కన్నట్టేనని 2018లో ఒడిశా సర్పంచి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. నామినేషన్ కొట్టేస్తే మర్నాడే ఆర్డీవో దగ్గర అప్పీలు, అక్కడా పోతే ఎన్నిక అయ్యేదాకా కోర్టు మెట్లెక్కడానికి లేదు. 1952లో మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్లిన నామక్కల్ కేసు నుంచీ సుప్రీంకోర్టుది అదే మాట. అప్పుడు మనం కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం.

ఒకసారి మహిళలకి రిజర్వయిన వార్డులో ఒకావిడ నామినేషన్ పోయింది. వాదన అంతా భర్తదే, మామగారిదే. ఆవిడ నోరు విప్పలేదు. మగవాళ్లు ప్లీడరు గారి గదిలో ఉండగా వసారాలో జూనియర్ మేడంతో మెల్లగా అంది. "రెండో కాన్పుకే ఆపరేషన్ చేయించుకుంటానన్నానండి. మగపిల్లాడు కావాలని మా అత్తగారు ఒప్పుకోలేదు." కనమన్నది ఒకళ్లు, నిలబడమన్నది ఒకళ్లు, అనర్హత మాత్రం ఆవిడది. జనాభా అదుపు మాటెలా ఉన్నా, ఈ నిబంధన మా గోదారి జిల్లాల్లో ఎక్కువగా కొట్టింది అలాంటి ఆడవాళ్లనే అని నా బల్ల దగ్గర్నుంచి నాకు కనపడింది. 2024 నవంబరులో అసెంబ్లీ దాన్ని ఎత్తేసింది. మా ఆఫీసుకి ఒక రకం కేసులు మొత్తానికే పోయాయి. ప్లీడరు గారు ఆ రోజు అందరికీ పూతరేకులు తెప్పించారు. ఫీజులు పోయినందుకు స్వీట్లు పంచిన ఆఫీసు ఇంకోటి ఉందేమో నాకు తెలీదు.

ఏకగ్రీవాల సంగతి రాయకపోతే మా ఊరివాళ్లు నన్ను దెప్పుతారు. ఏకగ్రీవమైన పంచాయతీలకి 2021లో జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది ప్రభుత్వం. గొడవల్లేకుండా పోతే మంచిదే. కానీ కొన్నిచోట్ల పెద్దమనుషులు వేలం పెడతారు. గుడికి ఎవరు ఎక్కువిస్తే సర్పంచి ఆయనే. ఒక ఊరి పెద్దలు ఆ పాటని ఒప్పంద పత్రంగా స్టాంపు కాయితం మీద రాసిపెట్టమని మా దగ్గరికే వచ్చారు. దేవుడి సొమ్ము కదా, తప్పేంటన్నారు. పోటీలోంచి తప్పుకోమని డబ్బివ్వడం లంచమే అవుతుంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 170. అలాంటి ఒప్పందం కోర్టులో చెల్లదు కూడా. ప్లీడరు గారు రాయనన్నారు. పెద్దలు లేచి వెళ్తూ నాతో, "చదువుకున్నోళ్లకి దైవభక్తి తక్కువండి," అన్నారు. ఆ కాయితం తర్వాత ఇంకెక్కడో రాయించుకున్నారని విన్నాను.

మళ్లీ పంచాయతీల మాట వినపడుతోంది కాబట్టి మా ఆదివారాలు మొదలయ్యాయి. అరుగు దగ్గరికి వచ్చేవాళ్లు ఓటరు కార్డు నంబరు, ఆధార్ జిరాక్సు, ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే డెత్ సర్టిఫికెట్, ఇల్లు మారితే కొత్త చిరునామాకి ఏదో ఒక రుజువు తెచ్చుకోండి. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్లు పుట్టింటి ఓటరు నంబరు కూడా కనుక్కుని రండి, ఫారం 8 దాని మీదే పడాలి. పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటాం, ఎండెక్కేలోపు లేచిపోతాం. ఫీజు లేదు. బ్యానరు కూడా ఉండదు, ఊళ్లో ఎవర్నైనా అడిగి రావాలి.